నిండుగా త్రొక్కినప్పుడే బలము తగ్గు మోటారు

“బండి లాగుట లేదు.” మోటారు షెడ్డులకు పోయినవారికి ఈ మాట సుపరిచితము. రోగి వైద్యునితో “ఒంట్లో బాగుగా లేదండీ” యని చెప్పుట యెట్టిదో యిదియు నట్టిదే. దానివలన వైద్యునకు తెలియున దేమియు లేదు. ఎప్పుడు లాగుట లేదు? ఎంత త్రొక్కినప్పుడు? ఏ గేరులో? పాదము కొంచెము పైకి తీసినచో బలము తిరిగి వచ్చుచున్నదా, రాకున్నదా? ఈ ప్రశ్నలకు సమాధానములు దొరకకమునుపే సామానులు మార్చుటకు మొదలిడినచో ధనము వ్యయమగును. ఒక్కొక్కప్పుడు ఇంజనే పోవును. మామూలుగా నడచునప్పుడు ఏ లోపమును కనబరుపక, యాక్సిలరేటరును అడుగంట త్రొక్కినప్పుడు మాత్రమే చతికిలబడు ఇంజనును గూర్చి నేడు చెప్పదలచితిని.

నేను యంత్రశాస్త్రము చదివినవాడను గాను. బడిలో తెలుగు చెప్పితిని. అంతకు పూర్వము గురుసన్నిధిని వ్యాకరణమును, దానివెంట కొంత తర్కమును చదివితిని. ఈ విషయమున నాకు ప్రవేశము కలిగించినవాడు మా మేనల్లుడు. అతడు చెన్నపట్టణమున ఉద్యోగి. 1600 ఘన సెంటీమీటర్ల పరిమాణము, నాలుగు సిలిండర్లు గల పెట్రోలు కారు నొకదానిని కొని, దాని ఇంజనునకు టర్బో నమర్పించి, ఇరుంగట్టుకోట్టై యందలి పందెపు బాటమీద నడుపుచుండెను. అట్లు మార్చిన కారును వీధులలో నడుప వీలులేదు. తయారుచేసినవారు నిర్ణయించిన లక్షణములకు విరుద్ధముగా వాహనమును మార్చరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టమును వ్యాఖ్యానించుచు సుప్రీముకోర్టు 2019 జనవరిలో తీర్పు చెప్పియున్నది. కావున అతడు కారును లారీమీద నెక్కించి బాటకు గొనిపోయి, అక్కడనే నడిపి, మరల లారీమీదనే తెచ్చుచుండెను. ఈ యొక్క విషయమున అతని వివేకమును మెచ్చుకొంటిని.

తక్కినదంతయు దుఃఖకథయే. మొదటి ఇంజను మూడవ సిలిండరులోని పిస్టను కరగి, రూపాయి బిళ్ళంత రంధ్రము పడెను. అప్పు చేసి రెండవ ఇంజనును తెప్పించెను. అదియు నెల తిరుగకముందే పూర్వపు జాడ్యమునే చూపనారంభించెను. సగము త్రొక్కినంత వరకు కారు గుఱ్ఱమువలె పోవును. నిండుగా త్రొక్కినచో కొంత దూరము దూకి, అంతలో ఎవరో వెనుకనుండి త్రాడు పట్టి లాగినట్లు నిలిచిపోవును. షెడ్డువారు ప్లగ్గులను మార్చిరి. కాయిళ్ళను మార్చిరి. పెట్రోలు పంపును రెండు మారులు మార్చిరి. ఇంతకంటె పెద్ద టర్బో వేసినగాని లాభము లేదని చివరకు సెలవిచ్చిరట.

“మామయ్యా, ఈ ఇంజను గూడ పోయిన యెడల ఇక కారు అమ్ముకొనవలసినదే. అప్పు మాత్రము మిగులును” అని అతడు ఫోనులో వాపోయెను. మా చెల్లెలికి కారుమీద కంటె కొడుకుమీద బెంగ. నిండువేగమున పోవుచుండగా ఇంజను పట్టుకొనిపోయినచో వెనుక వచ్చువారు ఆగగలరా యని ఆమె ప్రశ్న.

నేను అతనిని ఒక్క విషయ మడిగితిని. “ఇవన్నియు మార్చినప్పుడు లోపమేమైన మారినదిరా?”

“లేదు మామయ్యా, యథాప్రకారమే.”

“అట్లయిన నీవు డబ్బిచ్చి కొన్నది సామాను గాదు, సమాచారము. ఏది మార్చగా ఏమి మారలేదో కాగితముమీద వ్రాయుము. ఇక మీద ఒక్క మేకు కూడ మార్పింపకుము. నేను వచ్చుచున్నాను” అని చెప్పితిని.

పోవుటకు ముందు నేను చదువుకొన్న దానిని సంగ్రహముగా మనవి చేసెదను. 1876 లో జర్మనీ దేశస్థుడైన ఆటో నిర్మించిన నాలుగు ఘట్టముల ఇంజనే నేటి పెట్రోలు కార్లకు మూలపురుషుడు. గాలిని పెట్రోలుతో గూడ లోనికి పీల్చుట, దానిని నొక్కుట, నిప్పురవ్వతో మండించుట, పొగను బయటకు నెట్టుట: ఇవియే ఆ నాలుగు ఘట్టములు. నిమిషమునకు 6000 చుట్లు తిరుగునప్పుడు ఒక్కొక్క సిలిండరులో ఈ నాలుగును కలసి సెకనుకు 50 మారులు జరుగును. తగినంత గాలి, తగినంత పెట్రోలు, తగిన క్షణమున నిప్పు, పొగ పోవుటకు అడ్డులేని దారి, ఇన్నియు కూడిననే బలము. వీనిలో ఏ యొక్కటి తగ్గినను పైకి కనబడు లక్షణ మొక్కటే: బండి లాగదు.

గాలికిని పెట్రోలునకును గల పాళ్ళను గూర్చి ఒక మాట. ఒక కిలోగ్రాము పెట్రోలు సంపూర్ణముగ మండుటకు సుమారు 14.7 కిలోగ్రాముల గాలి కావలయును. నిండు బలము కోరునప్పుడు మాత్రము పెట్రోలు కొంచెము హెచ్చుగా నుండవలెను. అనగా గాలి 12 లేక 13 పాళ్ళకు మించరాదు. టర్బో గల ఇంజనునకు 12 పాళ్ళ దరిదాపున నుండుట క్షేమము. టర్బో యనగా, బయటకు పోవు పొగవేగముతో తిరుగు చక్రమొకటి మరియొక చక్రమును త్రిప్పి, లోనికి పోవు గాలిని మరింత నొక్కి పంపు సాధనము. స్విట్జర్లండు దేశీయుడైన బుకీ 1905 లో దీనికి పేటెంటు పొందెను. మా వాని కారులో గాలి మామూలు వాతావరణపు ఒత్తిడికంటె 0.8 బార్ హెచ్చుగా నెక్కునట్లు అమర్చిరి. బార్ అనగా ఇంచుమించు మనచుట్టునున్న గాలి యొత్తిడియే. గాలి హెచ్చినప్పుడు పెట్రోలును ఆ లెక్కన హెచ్చవలెను గదా.

అట్లు హెచ్చనిచో నేమగును? బలము తగ్గుట చిన్న నష్టము. అల్యూమినియము 660 డిగ్రీల వేడిమికి కరగును. సిలిండరులోని జ్వాల 2000 డిగ్రీలకు మించి యుండును. అట్టి జ్వాల క్రింద అల్యూమినియపు పిస్టను కరగక నిలుచుట వింత. పిస్టను పైభాగము నంటియుండు పలుచని వాయుపొర కవచమువలె దానిని కాచును. ఆ పొరను దాటివచ్చిన వేడిమిని నూనెయు, సిలిండరు గోడలును లాగుకొనును. నిండు బరువులో పెట్రోలు తక్కువైనపుడు ఇంధనము క్రమముగా మండక, ఒక్కుమ్మడిగా ప్రేలుటకు అవకాశ మేర్పడును. మెకానికులు దానిని “నాకింగు” అందురు. ఆ ప్రేలుళ్ళు వాయుకవచమును చెరిపివేయును. అటుపిమ్మట పిస్టను కరగుటకు ఎంతయో కాలము పట్టదు. కావున “కొంచెము లాగుట లేదు, చూతము లెమ్ము” అని మరల మరల నిండుగా త్రొక్కి చూచుట పరీక్ష గాదు, ఆత్మహత్య. మొదటి ఇంజను పోయినది అట్లే.

చెన్నపట్టణము చేరిన మరునాడు అతని పుస్తకమును చూచితిని. బాటమీద తిరిగినప్పుడు కారులోని కంప్యూటరు తనంతట వ్రాసికొన్న అంకెలు గూడ నుండెను. వానిని తిరుగవేయగా మూడు సంగతులు తేలినవి. మొదటిది: నిండుగా త్రొక్కినను, నిమిషమునకు 3000 చుట్లు మొదలు 4500 వరకు లోపము లేదు. రెండవది: సగము త్రొక్కి పోనిచ్చినచో 6000 చుట్లవరకును లోపము లేదు. మూడవది: నిండు త్రొక్కుడును, 5000 పైబడిన చుట్లును రెండును కూడినప్పుడే లోపము, అదియు ఏ గేరులోనైనను టర్బో ఒత్తిడి నిండుగా నెక్కిన పిమ్మటనే.

తర్కము చదివినవారికి ఇచ్చట అన్వయవ్యతిరేకములు జ్ఞప్తికి రాకపోవు. ఏది యున్నప్పుడు ఏది యుండునో అది అన్వయము. ఏది లేనప్పుడు ఏది లేదో అది వ్యతిరేకము. చుట్ల వేగమొక్కటియే కారణమైనచో, అనగా వాల్వుల స్ప్రింగులు బలహీనమై యెగురుచున్నచో, సగము త్రొక్కినప్పుడును 6000 చుట్లకడ అది కనబడవలెను, కనబడలేదు. ఒత్తిడి యొక్కటియే కారణమైనచో 4000 చుట్లకడనే కనబడవలెను, అక్కడను కనబడలేదు. చుట్లును ఒత్తిడియు హెచ్చినప్పుడు ఏది హెచ్చును? గంటకు ఇంజను మ్రింగు గాలి హెచ్చును. దానితో కావలసిన పెట్రోలును హెచ్చును. కాబట్టి సరఫరాలో నెచ్చటనో ఒక హద్దు కలదు. ఆ హద్దును దాటినప్పుడు లోపము పుట్టుచున్నది. ఆ సరఫరా గాలిదా, పెట్రోలుదా, విద్యుత్తుదా యన్నది మిగిలిన ప్రశ్న.

గాలి సంగతి త్వరగా తేలినది. పాదముతో పెడలును అడుగంట త్రొక్కించి, గాలిమార్గమున నుండు థ్రాటిలు రేకు నిలువుగా తెరచుకొనుచున్నదో లేదో కంట చూచితిమి. నవ్వవలదు. కేబులు వదులై, రేకు ముప్పాతిక మాత్రమే తెరచుకొనుచుండగా ఇంజనును విప్పి చూచినవారు కలరు. మా కారులో అది సరిగనే యుండెను. కంప్యూటరు వ్రాసిన అంకెలలో లోపము వచ్చిన క్షణమున గూడ గాలిగొట్టములో ఒత్తిడి 180 కిలోపాస్కళ్ళకడ, అనగా ఉండవలసిన చోటనే, స్థిరముగ నుండెను. గాలి జాలిలో దుమ్ము పేరుకొన్నను, సైలెన్సరు దారి మూసికొనిపోయినను, ఈ ఒత్తిడి నిలువదు. కావున గాలియు, పొగదారియు నిర్దోషములు. టర్బో లేని కారులో సైలెన్సరు మూతబడినదని అనుమానమైనచో ఆక్సిజను సెన్సరును విప్పి ఆ రంధ్రమున గేజి బిగించి ఒత్తిడి చూడవచ్చును. మాకు ఆ పని లేకపోయినది.

ఇక అసలు చిక్కు. పొగగొట్టములో ఆక్సిజను సెన్సరను కొలమాన మొకటి యుండును. గాలికిని పెట్రోలునకును గల పాళ్ళను అది అంకెలలో చూపును. లోపము వచ్చిన క్షణమున ఆ యంకె 12 నుండి 14.7 కు, ఒక్కొక్కప్పుడు 15 కు ఎగబ్రాకుచుండెను. “పెట్రోలు చాలుట లేదు, ఇంకేమి సందేహము!” అని షెడ్డువారు పంపును మార్చినది దీనిని చూచియే. కాని ఈ హేతువు నిర్దుష్టమైనది కాదు. ఆ సెన్సరునకు పెట్రోలు కనబడదు. దానికి కనబడునది మిగిలిపోయిన ఆక్సిజను మాత్రమే. పెట్రోలు తక్కువైనప్పుడును ఆక్సిజను మిగులును. పెట్రోలు నిండుగా నుండియు నిప్పురవ్వ పుట్టక మంట అంటుకొననప్పుడును ఆక్సిజను మిగులును. ఈ రెండవదానినే మన మెకానికులు “మిస్సింగు” అందురు. అప్పుడు సెన్సరు చూపు అంకె పెట్రోలు తక్కువయని చెప్పును; వాస్తవమున సిలిండరులో పెట్రోలు మండక వృథాగా పోవుచుండును.

అన్నంభట్టు తర్కసంగ్రహమును చదివిన పిల్లవానికి గూడ ఈ దోషము పేరు తెలియును: సవ్యభిచారము. కొండమీద పొగ యున్నది గావున నిప్పున్నది యనుట సరి. నిప్పున్నది గావున పొగ యున్నది యనుట సరిగాదు. ఎఱ్ఱగా కాలిన ఇనుపగుండులో నిప్పున్నను పొగ లేదు. పొగ రావలెనన్నచో నిప్పుతోబాటు తడికట్టె గూడ నుండవలెను. దానినే ఉపాధి యందురు. అట్లే ఆక్సిజను మిగులుటనుబట్టి పెట్రోలు తక్కువయని చెప్పవలెనన్నచో, అన్ని సిలిండర్లలోను మంట సరిగ అంటుకొనుచున్నదని ముందుగా తెలిసియుండవలెను. అది తేల్చుకొనక పెట్రోలును హెచ్చించినవాడు, మిస్సింగు వలన బాధపడు ఇంజనులో మండని పెట్రోలును మరింత పోసినవాడగును.

ఒక్క లక్షణమునకు పరస్పర విరుద్ధములైన రెండు కారణము లుండుట క్రొత్తగాదు. 1940 లో ఇంగ్లండు ఆకాశమున యుద్ధము జరుగుచుండగా, మెర్లిన్ ఇంజనులు గల బ్రిటిషు విమానములు ముక్కును హఠాత్తుగా క్రిందికి వంచి దుమికినప్పుడు ఇంజను ఆగిపోవుచుండెను. మొదటి క్షణమున కార్బురేటరులోని పెట్రోలు పైకి ఎగసిపోయి ఇంజనునకు అందకపోవుట కారణము. వెంటనే లోపలి తేలుడుబిళ్ళ భ్రమపడి మార్గమును పూర్తిగ తెరచుటచే పెట్రోలు వెల్లువయై ఇంజను ఉక్కిరిబిక్కిరియగుట రెండవ కారణము. మొదటిది క్షణికమైనది, రెండవది ప్రాణాంతకమైనది. ఫార్న్‌బరో పరిశోధనాలయమున పనిచేయుచుండిన బియాట్రిస్ షిల్లింగ్ అను ఇంజనీరు దీనిని గ్రహించి, నిండు బలమునకు కావలసినంత పెట్రోలు మాత్రమే పోనిచ్చు రంధ్రము గల చిన్న లోహపు బిళ్ళను తయారుచేసి, 1941 లో విమానములకు అమర్పించెను. కొరతయొక్కటియే కారణమని భ్రమించి పెట్రోలును హెచ్చించినవారు ఆ వైమానికుల కేమి మేలు చేసియుందురో ఊహింపుడు.

మరల మా కారునకు వత్తము. నిప్పురవ్వ సంగతి యేమి? రెండు కొనల నడుమ విద్యుత్తు దుముకుటకు కావలసిన వోల్టేజి, ఆ నడిమి సందును, అచ్చటి వాయువు ఒత్తిడిని బట్టి యుండునని పాషెన్ 1889 లోనే నిరూపించెను. టర్బో వేసినప్పుడు సిలిండరులో ఒత్తిడి హెచ్చును గనుక, ప్లగ్గుసందు 1.1 మిల్లీమీటరుండినచో 0.7 కు తగ్గించుట వాడుక. షెడ్డువారు ఆ పని చేసియే యుండిరి. కాయిళ్ళను గూడ మార్చియుండిరి. లోపము కొంచెమైనను జరుగలేదు, అదే చుట్లకడ అట్లే వచ్చినది. రవ్వ బలహీనమైనదే కారణమైనచో, సందు తగ్గించినప్పుడు లోపము కొంత పైకైనను జరుగవలెను. ఇది పూర్తి నిరూపణము గాదు, మొగ్గు మాత్రమే.

అంతకంటె గట్టి సూచన ఆ పుస్తకములోనే దాగియుండెను. పంపును మార్చినను ఫలము లేకపోగా, షెడ్డువారు కంప్యూటరులోని పట్టికను దిద్ది, నిండు త్రొక్కుడులో పెట్రోలు నూటికి పదిపాళ్ళు హెచ్చునట్లు ఇంజెక్టర్లు మరికొంతసేపు తెరచియుండ నేర్పాటు చేసిరట. “అప్పుడు సెన్సరు అంకె ఎంత తగ్గినది?” అని యడిగితిని. “తగ్గలేదు మామయ్యా, దాదాపు అంతే.” ఈ “అంతే” యను మాట విని నేను కుర్చీలో లేచి కూర్చుంటిని. కుళాయిని మరింత త్రిప్పినను బిందెలో నీరు హెచ్చుగా పడకున్నచో, కొరత కుళాయిలో లేదు, వెనుకనున్న గొట్టములో నున్నది. ఇంజెక్టరు ఎంతసేపు తెరచియున్నను, దాని వెనుక ఒత్తిడి లేనిచో పెట్రోలు ఎక్కడనుండి వచ్చును? వారు పంపును రెండు మారులు మార్చిరే గాని, పెట్రోలు ఒత్తిడిని ఒక్కమారును కొలువలేదు.

కొలుచుటకు ఏర్పాటు చేసితిమి. చక్రములను ఉరుళ్ళమీద నుంచి, కారు కదలకుండగనే నిండుబలమున నడిపి చూచు యంత్రము గల షెడ్డొకటి నగరము వెలుపల దొరకెను. ముందుగా కంప్యూటరు పట్టికను పూర్వస్థితికి తెప్పించితిని. ఒక్కమారు రెండు మార్పులున్నచో ఏది దేని ఫలమో తెలియదు. పెట్రోలు గొట్టమునకు గేజి నమర్చి, దానిని పొడుగాటి గొట్టముతో అద్దము వెలుపలకు తెచ్చి కట్టితిమి. ఈ గేజిని కారులోపలకు ఎన్నటికిని తీసికొనిపోరాదు. గొట్టము పగిలినచో ఒడిలో పెట్రోలు పడును. మంట లార్పు సిలిండరు పట్టుకొని ఒక కుఱ్ఱవాడు ప్రక్కన నిలుచుండెను. లోపము కనబడిన క్షణముననే పాదము తీసివేయవలెనని మేనల్లునితో ఒట్టు పెట్టించుకొంటిని.

ఇంజెక్టరు ముందును వెనుకను గల ఒత్తిళ్ళ భేదము ఎల్లప్పుడు 3 బార్ ఉండునట్లు రెగ్యులేటరను భాగము చూచుకొనును. టర్బో గాలిని 0.8 బార్ నొక్కినప్పుడు పెట్రోలు గేజి 3.8 చూపవలెను. గేజి 4500 చుట్ల వరకు అట్లే చూపినది. 5000 దాటగానే ముల్లు వడకి, 3.4, 3.1, చివరకు 2.8 కు దిగినది. పాదము తీయగానే మరల లేచినది. అందరము చూచితిమి.

ఇప్పుడు లెక్క చూడుడు. గాలి యొత్తిడి 0.8 ను తీసివేసినచో ఇంజెక్టరునకు మిగిలిన భేదము 3 కు మారుగా 2 మాత్రమే. రంధ్రమునుండి వెడలు ద్రవము ఒత్తిడికి సమముగా తగ్గదు. దాని వర్గమూలమును బట్టి తగ్గును. మూడింట రెండు వంతులకు వర్గమూలము సుమారు 0.816. అనగా పెట్రోలు నూటికి పదునెనిమిది పాళ్ళు తగ్గినది. 12 పాళ్ళ గాలి యంకెను 0.816 చేత భాగించినచో వచ్చునది 14.7. సెన్సరు చూపినది అదే. కొరత యంతయు ఒత్తిడి తగ్గుటలోనే లెక్కకు వచ్చినది. మిస్సింగునకు పంచియిచ్చుటకు ఏమియు మిగులలేదు. రెండు వేరువేరు కొలమానములు ఒకే యంకెను చెప్పినప్పుడు నాకు కలిగిన సంతోషము, దురన్వయమైన పద్యమునకు అన్వయము కుదిరినప్పటి సంతోషమే.

ఒత్తిడి నిలకడగా నుండి, అంకె మాత్రము ఎగబ్రాకియున్నచో మేము ఇంజెక్టర్లను, నిప్పురవ్వను పట్టుకొనవలసి యుండెడిది. ఇంజెక్టరు చుట్టు చుట్టునకు మూతపడుటకే వ్యవధి లేనంతసేపు తెరచియున్నచో అది చిన్నదని యర్థము. కార్బురేటరు గల పాత కార్లలో ఈ జాడ్యము వేరొక రూపమున వచ్చును: నిండుగా త్రొక్కిన కొన్ని సెకనులు బాగుగా లాగి, తరువాత పడిపోవును. అప్పుడు గిన్నెలోని పెట్రోలు అయిపోవుచున్నదని గ్రహింపవలెను. ట్యాంకు మూతలోని గాలిరంధ్రము మూసికొనిపోయినను ఇట్లే జరుగును. మూత తీసి నడపగా లోపము పోయినచో వైద్యము ఒక గుండుసూదితో పూర్తియగును.

మాకు అంత సులభముగా తీరలేదు. పంపు క్రొత్తది, అదియు రెండవది. పెట్రోలు జల్లెడ శుభ్రముగ నుండెను. క్రొత్త పంపు ఏల చాలుట లేదు? పంపనగా విద్యుత్తుతో తిరుగు చిన్న మోటారే గదా. దానికి అందు వోల్టేజి తగ్గినచో అది ముక్కుచు తిరుగును. ఇంజను తిరుగుచుండగా బ్యాటరీకడ వోల్టుమీటరు 13.8 చూపినది. పంపు కొనలకడ చూపినది 9.8. నడుమ నాలుగు వోల్టులు మాయమైనవి.

వానిని ఎవరు మ్రింగిరో ఒక్కొక్క తుండునకు మీటరు పెట్టి వెదకితిమి. పంపునకు పోవు తీగ కారుతోబాటు వచ్చిన పాతదే. అర చదరపు మిల్లీమీటరు మందము, అయిదు మీటర్ల పొడవు. అట్టి రాగితీగ అడ్డము సుమారు 0.17 ఓములు. పాత చిన్న పంపు నాలుగు ఆంపియర్లు లాగుచుండగా అది చాలెను. క్రొత్తది ఏడు లాగుచుండెను. ఆ తీగలోనే 1.2 వోల్టులు పోయినవి. వెనుక సీటు క్రింద తీగలు కలియు ప్లాస్టికు కనెక్టరులో 2.2 వోల్టులు పోయినవి. దానిని విప్పి చూడగా ఒక వైపు మాడి గోధుమరంగు తిరిగియుండెను. పదునైదు వాట్ల వేడిమి అచ్చట నిత్యము పుట్టుచుండినచో మాడక యేమగును? మిగిలిన 0.6 వోల్టులు ఎర్తు కొననుండు తుప్పులో పోయినవి. పంపును రెండు మారులు మార్చినవారు రెండు మారులును ఆ మాడిన కనెక్టరును చేతితో విప్పి, చేతితోనే మరల తగిలించియుండిరి!

మరి ఇంజను ఊరక తిరుగుచున్నప్పుడు గేజి సరిగనే చూపెను గదా, అని మేనల్లుడు ప్రశ్నించెను. మంచి ప్రశ్నయే. పంపు ఎల్లప్పుడు ఒకే తీరున పెట్రోలును తోడుచుండును. ఇంజను త్రాగగా మిగిలినది ట్యాంకునకు తిరిగిపోవును. ఊరక తిరుగు ఇంజను త్రాగునది గుక్కెడు. పంపు సగము బలముతో తోడినను మిగులుబాటు కావలసినంత యుండును. గేజికి కొరత తెలియదు. నిండుబలమున మిగులుబాటు సున్నకు వచ్చినప్పుడే కొరత బయటపడును. బడిలో నెలనెలా జీతములో అప్పు తీర్చుకొనువానికి ఇంటిలో పెండ్లి వచ్చినప్పుడు గాని తన యసలు స్థితి తెలియనట్లు.

వైద్యము ఒక పూటలో ముగిసినది. నాలుగు చదరపు మిల్లీమీటర్ల క్రొత్త తీగను బ్యాటరీనుండి నేరుగా లాగి, బ్యాటరీ చెంతనే ఫ్యూజు నుంచి, పంపు దగ్గర రిలే నమర్చితిమి. ఇంజను ఆగినచో పంపును ఆపు రక్షణను మాత్రము కంప్యూటరు చేతిలోనే యుంచితిమి. ప్రమాదమున కారు తలక్రిందైనను పెట్రోలు చిమ్ముచుండరాదు గదా. ఎర్తు కొనను తుప్పు గీకి క్రొత్తగా బిగించితిమి. ఇప్పుడు పంపు కొనలకడ 13.5 వోల్టులు. మరల ఉరుళ్ళమీద ఎక్కించి నిండుగా త్రొక్కగా గేజి 6200 చుట్లవరకు 3.8 వద్ద మేకు కొట్టినట్లు నిలిచినది. సెన్సరు అంకె 12 ను విడువలేదు. తరువాత ప్లగ్గులు విప్పి చూచితిమి, పిస్టను పైభాగమును సన్నని కెమెరాతో చూచితిమి. అల్యూమినియపు చుక్కలు ఎచ్చటను లేవు. రెండవ ఇంజను బ్రదికినది.

తీగకు, రిలేకు, ఫ్యూజునకు కలసి అయిన ఖర్చు, మార్చిన పంపులలో ఒకదాని వెలలో నాలుగవ వంతైనను లేదు. షెడ్డువారు తీసివేసి అట్టపెట్టెలో నుంచిన మొదటి పంపును తెప్పించి, మంచి తీగతో విడిగా నడిపి చూచితిమి. చక్కగా తోడినది. దానిమీద “చెడినది” యని వ్రాసి యంటించిన చీటి యుండెను. మేనల్లుడు ఆ మాటను కొట్టివేసి, “మంచిది, విడిగా ఉంచవలెను” అని వ్రాసి, మరల పెట్టెలో పెట్టెను.